'సిబ్బంది'లో స్ట్రైకర్ ఉన్నాడా?

ప్రశ్న:

ఇంగ్లండ్‌లోని ఒక ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ క్లబ్ ఏటా ప్రకటించే జీతాల లెక్క మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. 'క్లబ్ సిబ్బందిలో లింగ వేతన వివక్ష' అని శీర్షిక పెట్టాను. మా డెస్కులో ఒకరు 'లింగ' తీసేయమన్నారు, ఇంకొకరు 'వివక్ష' తీసేయమన్నారు. ఇద్దరి మాటా వింటే 'క్లబ్ సిబ్బందిలో వేతన' మిగిలింది. పెద్దలు దారి చూపాలి.

జవాబు:

అమ్మా, 'లింగ' సంగతి తేలిక. 'స్త్రీ పురుష జీతాల తేడా' అంటే అందరికీ అర్థమవుతుంది. నన్నడిగితే అసలు పేచీ ఎవరూ వేలు పెట్టని 'సిబ్బంది'తోనే ఉంది.

మనం 'ఆటగాళ్లు, సిబ్బంది' అని విడివిడిగా రాస్తాం. సిబ్బంది అంటే అకౌంట్స్ వాళ్లు, టికెట్లు అమ్మేవాళ్లు, మైదానంలో గడ్డి చూసుకునేవాళ్లు. గోల్స్ కొట్టే స్ట్రైకర్‌ను ఎవరూ సిబ్బంది అనరు. బ్రిటన్ నిబంధనలకు ఈ పట్టింపు లేదు. 2017 నాటి ఆ నిబంధనల ప్రకారం 250 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి ప్రైవేటు సంస్థా ఏప్రిల్ 5 నాటికి గంటకు ఎవరికెంత ఇస్తోందో లెక్కగట్టి, స్త్రీ పురుషుల మధ్య తేడాను ఏడాదిలోగా బయటపెట్టాలి. క్లబ్‌లో ఆటగాడు కూడా ఉద్యోగే. వారానికి లక్ష పౌండ్లు దాటి తీసుకునే అతనూ, మ్యాచ్ రోజు గేటు దగ్గర నిలబడే స్టీవార్డూ ఒకే పట్టికలోకి వస్తారు.

ఇక మహిళల జట్టును చాలా క్లబ్బులు వేరే కంపెనీ కింద పెట్టాయి. లెక్క కంపెనీవారీగా కడతారు కాబట్టి ఆ కంపెనీలో 250 మంది లేకపోతే అక్కడి క్రీడాకారిణుల జీతాలు ఎక్కడా ప్రకటించనక్కరలేదు. అంటే పట్టికలో మగ ఆటగాళ్లుంటారు, ఆడ ఆటగాళ్లుండకపోవచ్చు. మీ పాఠకులు 'సిబ్బంది' అన్న మాట చూసి ఇదంతా ఊహించగలరా? 'ఉద్యోగులు' అనండి. ఆటగాళ్లతో కలిపా, కలపకుండానా అన్నది మొదటి వాక్యంలోనే చెప్పండి. చాలా క్లబ్బులు ఆటగాళ్లనూ కోచ్‌లనూ మినహాయించి రెండో అంకె కూడా ఇస్తాయి.

మరొకరు:

'సగటు' దగ్గర కూడా జాగ్రత్త. ఆ నివేదికల్లో అంకెలు రెండుంటాయి. ఒకటి సగటు, రెండోది బడిలో మనం చదువుకున్న మధ్యగతం, అంటే జీతాలను వరసగా పేర్చితే నడిమధ్య నిలిచేది. తెలుగు వార్తల్లో రెంటినీ సగటు అనేస్తున్నారు.

ఊరికే ఒక లెక్క అనుకుందాం. ఐదుగురు మగవాళ్లకు గంటకు 13, 13, 14, 16, 3000 పౌండ్లు. ఐదుగురు ఆడవాళ్లకు 13, 13, 14, 15, 16. మధ్యగతం ఇద్దరికీ 14, తేడా సున్నా. సగటు చూస్తే మగవాళ్లది 611.20, ఆడవాళ్లది 14.20. తేడా దాదాపు 98 శాతం! క్లబ్ వాళ్లు మధ్యగతం చెప్పి మురుస్తారు, పత్రికలు సగటును శీర్షిక చేస్తాయి. ఏ అంకో చెప్పకపోతే రెండూ తప్పుదోవే.

ఇంకో చిక్కు. ఈ శాతాన్ని పురుషుల జీతం మీద కడతారు. తేడా 20 శాతం అంటే అతనికి 100 వస్తే ఆమెకు 80. దాన్ని తిప్పి 'మగవాళ్లకు 20 శాతం ఎక్కువ' అని రాస్తే తప్పు, 80 మీద 20 అంటే 25 శాతం.

ఇంకొకరు:

అంతా బాగుంది గానీ, మాష్టారూ, 'వివక్ష'ను ఇంత సులువుగా వదిలేస్తారా? 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో ఆడవాళ్ల మ్యాచ్‌కు 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడు డిసెంబర్‌లోనే అక్కడ ఆటను నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లు ఆడకుండా ఆపేసింది. సుమారు యాభై ఏళ్లు ఆ నిషేధం నడిచింది. ఆ మూడు వేల పౌండ్ల మగాడు ఆకాశం నుంచి ఊడిపడ్డాడా?

జవాబు:

ఊడిపడలేదండీ. ఆ చరిత్ర వ్యాసంలో రాయాల్సిందే. కానీ అంకె పక్కన 'వివక్ష' అని పెడితే, ఒకే పని చేసిన ఆమెకు తక్కువ ఇచ్చారని చదువుకుంటారు. అది వేరే విషయం. సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలన్న చట్టం అక్కడ 1970లోనే వచ్చి 1975 చివర్లో అమలైంది. ఇప్పుడు మనం మాట్లాడుతున్న తేడా, పెద్ద జీతాల చోట ఎవరున్నారు, చిన్న జీతాల చోట ఎవరున్నారు అన్నది చెబుతుంది.

అలాగని క్లబ్బుల వకాల్తా పుచ్చుకోను. 'ఆటగాళ్ల వల్లే ఇదంతా' అన్నది వాళ్లకు బాగా అలవాటైన సాకు. ఆటగాళ్లను తీసేశాక కూడా తేడా మిగిలితే అప్పుడు అడగాలి, కమర్షియల్ విభాగానికి పెద్ద ఎవరు, కొత్త ఆటగాళ్లను వెతికే స్కౌటింగ్ ఎవరి చేతిలో ఉంది అని. నివేదికలో ఉద్యోగులను జీతాన్ని బట్టి నాలుగు పావులుగా విడగొట్టి చూపాలన్న నియమం ఉంది. పై పావులో ఆడవాళ్లు ఎందరు, కింది పావులో ఎందరు అన్నది చూడండి. నా దృష్టిలో మొత్తం నివేదికలో పనికొచ్చే పట్టిక అదే.

మరొకరు:

'సిబ్బంది' మాట ఎత్తారు కాబట్టి. అది ఫార్సీ దారిన వచ్చింది. 'సిబందీ' అంటే ఒకప్పుడు పన్నుల వసూలుకూ కాపలాకూ తాత్కాలికంగా పెట్టుకున్న బంట్లు. ఆ లెక్కన మ్యాచ్ రోజు మాత్రమే వచ్చే స్టీవార్డులే అసలైన సిబ్బంది!

ప్రశ్న అడిగినవారు:

'క్లబ్ ఉద్యోగుల్లో స్త్రీ పురుష జీతాల తేడా: ఆటగాళ్లతో ఒకలా, ఆటగాళ్లు లేకుండా ఒకలా' అని మార్చాను. పొడవైంది, అయినా ఒప్పుకున్నారు. బోనస్ తేడాకు వేరే అంకె ఉంది, దాన్ని 'ప్రోత్సాహకం' అననా?

జవాబు:

వద్దమ్మా, బోనస్ అనే ఉంచండి. ప్రోత్సాహకం అంటే ప్రభుత్వం రైతులకిచ్చేది అనుకుంటారు.