మౌంజారో ఇంజెక్షన్ పెద్దవారికి సురక్షితమేనా?

వేలచ్చేరి నుంచి:
మా అమ్మగారికి 67 ఏళ్లు, చాలాకాలంగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వేసుకుంటున్నా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చూపే రక్తపరీక్ష) 9 కంటే దిగడం లేదని డాక్టరుగారు వారానికొకసారి తీసుకునే మౌంజారో సూచించారు. మందుతో వచ్చిన కాగితంలో థైరాయిడ్ క్యాన్సర్ హెచ్చరిక చదివి మా అన్నయ్య వద్దంటే వద్దంటున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

అన్నానగర్ నుంచి:
మీ అన్నయ్యగారి మాటే సరైనదని నా అభిప్రాయం. అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది 2022లో, మన దేశంలో అమ్మకం మొదలైంది 2025 మార్చిలో. ఇరవై ఏళ్లు వాడి చూసినవారు ఎక్కడా లేని మందును ఇంట్లో పెద్దవారికి ఇవ్వడం తొందరపాటు. పైగా ఆపేస్తే, ఈ మందుతో తగ్గిన బరువు చాలావరకు తిరిగి వస్తుందని కంపెనీ జరిపిన పరీక్షల్లోనే తేలింది.

మాంబళం నుంచి:
అన్నానగర్ వారు బరువు గురించి చెప్పినది నిజమే. అయితే మౌంజారోలోని మందు టిర్జెపటైడ్ కొత్తదైనా, అది పనిచేసే రెండు దారుల్లో ఒకటైన జీఎల్‌పీ-1 (తిన్నాక పేగుల్లో విడుదలై ఇన్సులిన్‌ను పెంచే హార్మోన్) దారిలో పనిచేసే మందులు 2005 నుంచి వాడుకలో ఉన్నాయి. థైరాయిడ్ కణుతులు కనిపించింది ఎలుకల్లో. మనుషుల్లో అలా జరుగుతుందని ఇంతవరకు రుజువు కాలేదు. అయినా, ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ (థైరాయిడ్ క్యాన్సర్లలో ఒక అరుదైన రకం) వచ్చి ఉంటే ఈ మందు తీసుకోకూడదు. ఆ ఒక్క ప్రశ్న అన్నయ్యగారు తప్పక అడగాలి.

నా భయం అంతా ఆ పాత గ్లిమెపిరైడ్ మాత్ర గురించే. రక్తంలో చక్కెర పెరిగినప్పుడే ఇన్సులిన్‌ను పెంచడం ఈ ఇంజెక్షన్ తీరు కాగా, గ్లిమెపిరైడ్ మాత్రం మనిషి తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. మా పెద్దమ్మగారికి ఇంజెక్షన్ మొదలుపెట్టినప్పుడు ఆ మాత్రను ఎవరూ తగ్గించలేదు. ఆకలి మందగించి సగం ఇడ్లీతోనే ప్లేటు పక్కన పెట్టేస్తున్న ఆవిడ, ఏకాదశినాడు మాత్ర మాత్రం మానకుండా వేసుకుని ఉపవాసం ఉన్నారు. పదకొండు గంటలకల్లా జాకెట్టు తడిసేంత చెమట, మాట తడబాటు. మీటరులో చూస్తే 54. గ్లూకోజు నీళ్లు తాగించాక తేరుకున్నారు గాని, ఇంట్లో ఎవరూ లేకపోతే ఏమయ్యేదో ఊహించలేను. కాబట్టి మొదటి డోసుకు ముందే ఆ మాత్రను తగ్గించాలా, ఆపాలా అని డాక్టరుగారిని అడగండి. మీ అంతట మీరు ఆపవద్దు.

వాంతులు, విరేచనాలు డోసు పెంచిన రోజుల్లో ఎక్కువ. మే నెల కత్తిరి ఎండల్లో ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉన్నందున కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి. విడవని కడుపునొప్పి వీపులోకి పాకితే పాంక్రియాస్ (క్లోమం) వాపు కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తగ్గే బరువులో దాదాపు నాలుగో వంతు కొవ్వు కాక కండ వంటివి కావడం వల్ల, ఈ వయసులో పప్పు, గుడ్డు, పెరుగు తగ్గకుండా చూడటం చాలా అవసరం.

అన్నానగర్ నుంచి:
ఇంత జాగ్రత్త తీసుకునే డాక్టరు ఉంటే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. కాని షుగరు లేనివారు సైతం పెళ్లి ముహూర్తానికి సన్నబడాలని చీటీ లేకుండా కొనుక్కునే చోట, ఆ పరీక్షలన్నీ ఎవరు చేయిస్తారు?

మాంబళం నుంచి:
అలా కొనడం, అమ్మడం రెండూ తప్పే, అందులో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే హెచ్‌బీఏ1సీ 9 దగ్గరే నిలిచిపోవడం కూడా కళ్లకు, కిడ్నీలకు ప్రమాదమే కదా. వేలచ్చేరి వారూ, రెటీనా (కంటి లోపలి వెనక పొర) పరీక్ష చేయించారా? షుగరు ఒక్కసారిగా తగ్గినప్పుడు, ముందే రెటీనా దెబ్బతిని ఉంటే అది తాత్కాలికంగా ముదరవచ్చు.

వేలచ్చేరి నుంచి:
ఈమధ్య చేయించలేదండీ. ముందు కంటి పరీక్ష చేయించి, ఆ రిపోర్టుతో గ్లిమెపిరైడ్ సంగతి డాక్టరుగారితో మాట్లాడుతాను. అన్నయ్యను కూడా వెంట రమ్మన్నాను.