అప్‌డేట్: లిఫ్ట్ టేబుల్ కొనలేదు, జాకీతోనే కానిచ్చాను

రాయగడలో మా అద్దింటి వసారాలో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైకు ముందు చక్రం లేపాలంటే లిఫ్ట్ టేబుల్ (బండిని పైకెత్తే బల్ల) కొనాలా, జాకీ సరిపోతుందా అని ఇంతకుముందు అడిగాను. టేబుల్ ఉంటే నడుం వంచక్కర్లేదు, నిజమే. పెట్టడానికి చోటేదీ? కారు జాకీతో మొదలెట్టాను. గచ్చు వాలుగా ఉండి జాకీ కాస్త ఒరిగింది. 195 కిలోల బండి, గుండె ఆగినంత పనైంది! రెండోసారి కింద ప్లైవుడ్ పరిచాను. సెంటర్ స్టాండ్ మడతపడకుండా తాడుతో ఫ్రేముకు ముందువైపు కట్టాను. ఆయిల్ బోల్టుకు, సైలెన్సర్‌కు తగలకుండా ఇంజిన్ కింద చెక్క పెట్టి అంగుళమే లేపాను. ఫోర్కులు పట్టి ముందుకూ వెనక్కూ ఊపితే టక్‌మంది. అనుకున్నట్టే, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగులు) పోయింది. కొత్తది విజయనగరం నుంచి బావ తెస్తున్నాడు.