రాయగడ నుంచి ఒక్కదాన్నే సైకిల్ మీద అరేబియా సముద్రం దాకా: ఈ దారి సరైనదేనా?

నాగావళి పిల్ల:
మాది రాయగడ. నవంబరు నెలాఖరు నుంచి సెలవు దొరుకుతోంది. గోపాల్‌పూర్ బీచ్‌లో మొదలుపెట్టి అలీబాగ్‌లో ఆపాలని ప్లాను. బరంపురం, మోహన, మా రాయగడ, కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్, బీజాపూర్, సిరొంచ, మంచిర్యాల, నిజామాబాద్, దెగ్లూర్, లాతూర్, బార్శీ, పుణె. పదిహేను వందల కిలోమీటర్లు దాటుతుంది, అందులో బొరిగుమ్మ నుంచి బార్శీ దాకా దాదాపు అంతా 63వ నంబరు జాతీయ రహదారే. సైకిల్ గేర్లదే, 700సి కొలత చక్రాలు. ఖాళీ సైకిల్ మీద రోజుకి ఎనభై కిలోమీటర్లు తొక్కడం అలవాటే గాని బ్యాగులు కట్టుకుని ఘాట్ ఎక్కింది లేదు. అమ్మకి సగమే చెప్పాను, ఆ సగానికే "ఒక్కదానివే ఎలాగే" అని రెండు రోజులు మాట్లాడలేదు. బరువుతో కోరాపుట్ ఎక్కగలనా, రాత్రిళ్లు ఎక్కడ ఉండాలి, టెంటు కొనాలా, ఈ మూడూ చెప్పండి చాలు. వెళ్లొద్దని చెప్పడానికి ఇంట్లో కావలసినంత మంది ఉన్నారు.

జయపురం సైకిల్ షాపు:
చెల్లెమ్మా, ముందు కూర్చుని సైకిల్ గేరు చక్రాల పళ్లు లెక్కపెట్టు. ముందు వైపు చిన్న చక్రానికి 28, వెనక పెద్దదానికి 34 ఉంటే బ్యాగులతో కూడా ఎక్కేస్తావు, నడక కంటే కాస్త వేగంగా వెళ్తుంది అంతే. వెనక పెద్దది 28 దగ్గరే ఆగిపోతే ఫ్రీవీల్, అంటే వెనక పళ్ల చక్రాల కట్ట, మార్పించు, చైను కూడా కొత్తది వేయించు, పాత చైను కొత్త పళ్ల మీద జారుతుంది. రాయగడ రెండు వందల మీటర్ల ఎత్తులో ఉంటే కోరాపుట్ ఎనిమిది వందల డెబ్బై దగ్గర ఉంటుంది. తేడా అంతేగా అనుకోకు, మధ్యలో దిగుడు, మళ్లీ ఎక్కుడు, కాబట్టి కాళ్లకి పడే లెక్క ఎక్కువే. ఒక్క రోజులో కొట్టెయ్యాలని చూడకుండా లక్ష్మీపూర్‌లో ఆగు.

కోరాపుట్ నుంచి మా ఊరు దిగేటప్పుడు బ్రేకు అదే పనిగా పట్టుకుని ఉండకు, రిమ్ము వేడెక్కిపోతుంది. ఒకసారి గట్టిగా పట్టు, వదులు, మళ్లీ పట్టు. బరువు ఏదీ వీపు మీద వద్దు, అంతా క్యారేజీకే. బరువు వెనకే ఉంటుంది కాబట్టి స్పోకు విరిగితే వెనక చక్రానికే, అందులోనూ ఫ్రీవీల్ వైపే విరుగుతుంది. ఆ కొలతవి నాలుగు స్పోకులు టేపుతో ఫ్రేముకి అంటించుకుని పో. బెండు తీసేవాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు, 700సి ట్యూబు మాత్రం పల్లెల్లో దొరకదు. రెండు ట్యూబులు నీ దగ్గరే ఉండాలి, అవీ మోటార్‌సైకిల్ రకం వాల్వ్‌వే తీసుకో, ఏ పంక్చరు షాపులోనైనా గాలి కొడతారు.

ఇంకొకటి, హైవే పక్కన పేలిపోయిన లారీ టైర్లలోంచి వెంట్రుక లాంటి ఇనప తీగ ముక్కలు రాలి ఉంటాయి. పంక్చరు అయిన ప్రతిసారీ టైరు లోపలంతా వేలితో తడిమి చూడు, అది కనిపించదు, వేలికి గుచ్చుకుంటేనే తెలుస్తుంది. దాన్ని పట్టకారుతో లాగకుండా కొత్త ట్యూబు వేశావంటే అరగంటలో అదే చోట మళ్లీ గాలి పోతుంది.

పర్లాకిమిడి బాబాయ్:
తల్లీ, వెళ్లొద్దని నేను అనను గాని ఆ బస్తరు దారి ఎందుకమ్మా? బరంపురం దాటితే ఇచ్ఛాపురం, అక్కణ్నుంచి 16వ నంబరు హైవే మీద వైజాగ్, విజయవాడ, ఆ తర్వాత 65 పట్టుకుంటే హైదరాబాద్, షోలాపూర్, నేరుగా పుణె. అడుగడుగునా ధాబా, పెట్రోలు బంకు, లాడ్జీ, ఆసుపత్రి. దూరం కొంచెం ఎక్కువైతే అయింది, మీ అమ్మకి నిద్ర పడుతుంది. ఇంకో సంగతి, బయల్దేరే ముందు వారం వాతావరణం చూసుకో. ఫైలిన్ 2013లో గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ మా గజపతి జిల్లా రోడ్లు ఎలా కోసేసిందో చూసినవాణ్ని. అవి అక్టోబరులో వచ్చాయి గాని నవంబరు, డిసెంబరుల్లో కూడా బంగాళాఖాతాన్ని నమ్మకూడదు.

సిరొంచ టీచరమ్మ:
బాబాయ్ గారూ, మీరు చెప్పిన దారి కార్లకి బాగుంటుంది. సైకిల్‌కి ఆ నాలుగు లైన్ల రోడ్డు మీద రోజంతా లారీల హోరు, పైగా సర్వీసు రోడ్డు ఉన్నట్టే ఉండి మాయమైపోతుంది. మా వైపు రోడ్డు ఇరుకే గాని బళ్లు తక్కువ.

అయినా బస్తరు గురించి అబద్ధం చెప్పను. జగదల్‌పూర్ నుంచి గీదం, గీదం నుంచి బీజాపూర్, బీజాపూర్ నుంచి భోపాల్‌పట్నం, మూడు మజిలీలుగా పెట్టుకోండి. ఊరూరికీ మధ్య అడవి, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, చెక్‌పోస్టుల్లో పోలీసులు ఆపి ఎక్కడికి, ఎందుకు అని అడుగుతారు. ఆధార్ పైన పెట్టుకోండి, ఓపిగ్గా చెప్పండి. పొద్దున ఆరింటికి బయల్దేరి మధ్యాహ్నం రెండు, మూడింటికల్లా లాడ్జీలో ఉండాలి. ఆ మూడు రోజులూ ఇది గట్టి నియమం, ఫొటోల కోసం కూడా సడలించొద్దు. బయల్దేరే ముందు, చేరాక ఇంటికి ఫోన్ చేస్తానని చెప్పండి, మధ్యలో ఫోన్ కలవకపోతే కంగారు పడొద్దని కూడా ముందే చెప్పి ఉంచండి. ఆ వారంలో అక్కడ పరిస్థితి ఎలా ఉందో మాత్రం జగదల్‌పూర్‌లో కనుక్కున్నాకే కదలండి. బాగోలేదంటే బస్సు పైన సైకిల్ కట్టించుకుని ఆ ముక్క దాటెయ్యండి, మీకు ఎవరూ మార్కులు వెయ్యడం లేదు.

భోపాల్‌పట్నంలోనే మళ్లీ తెలుగు చెవిన పడుతుంది. ఇంద్రావతి వంతెన దాటితే మా మహారాష్ట్ర, బోర్డులన్నీ మరాఠీలో, బేరాలన్నీ తెలుగులో. ప్రాణహిత వంతెన దాటితే తెలంగాణ. తొందర లేకపోతే గోదావరి వంతెన మీదుగా కాళేశ్వరం వెళ్లి రండి, ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉన్న గుడి అది. మీ అమ్మగారికి ఆ ఫొటో పంపితే సగం కోపం తగ్గుతుంది.

ఒంటరి ఆడపిల్ల అన్న మాటకి కూడా ఒకటి చెప్తాను. ఆశా మాలవీయ అని మధ్యప్రదేశ్ అమ్మాయి 2022 నవంబరులో ఒక్కతే సైకిల్ మీద దేశమంతా తిరగడానికి బయల్దేరింది. ఆంధ్రకి వచ్చినప్పుడు ముఖ్యమంత్రిని కలిసింది, పేపర్లలో కూడా వచ్చింది. ఇంట్లో చూపించండి.

నాగావళి పిల్ల:
టీచరు గారూ, చాలా థాంక్స్. బస్సు సంగతి నాకు తట్టనే లేదు. బాబాయ్ గారూ, మీ దారి అమ్మకి చూపించను, చూపిస్తే అదే ఖాయం చేసేస్తుంది! షాపు అన్నయ్యా, నాది వెనక 28 పళ్లే, ఈ వారమే మార్పిస్తున్నాను. ఇంతకీ టెంటు సంగతి ఎవరూ చెప్పలేదు. అలీబాగ్ నుంచి ఇటు తొక్కుకు రావడం మేలని ఇంకో ఫ్రెండు అంటోంది, చివరికి ఇంటికి దగ్గరవుతూ ఉంటాం కదా అని.

దెగ్లూర్ కాకా:
బేటీ, గోపాల్‌పూర్ వైపు నుంచే రా. చలికాలంలో దక్కను మీద గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచే వీస్తుంది, వీపు మీద చెయ్యి వేసి తోసినట్టే. అటు నుంచి వస్తే అదే గాలి మొహానికి కొడుతుంది. ఇంకో లాభం వెలుతురు. నవంబరు చివర బరంపురంలో ఐదుంబావుకే సూర్యుడు పోతాడు, అలీబాగ్‌లో ఆరు దాకా ఉంటాడు. ఒకే గడియారం కాబట్టి పడమరకి వచ్చేకొద్దీ సాయంత్రాలు పొడుగవుతాయి, పొద్దుటిపూట చీకటి కూడా అంతే పొడుగవుతుంది.

టెంటు వద్దు. మూడు కిలోల బరువు పెరుగుతుంది, పొలంలో ఒంటరిగా వేసుకుంటే నిద్రా పట్టదు. మా వైపు గుడి దగ్గర ధర్మశాల ఉంటుంది, తాలూకా ఊళ్లలో లాడ్జీ ఉంటుంది. సాయంత్రం చీకటి పడకముందే ఊళ్లోకి వచ్చి ఆడవాళ్లు కూర్చున్న కొట్టు దగ్గర చాయ్ తాగుతూ అడిగితే పని అవుతుంది. ఒక రోజు ఎక్కువ పెట్టుకోగలిగితే ఇక్కణ్నుంచి నాందేడ్ వెళ్లు, హుజూర్ సాహిబ్ గురుద్వారాలో యాత్రికులకి గదులు, లంగర్‌లో, అంటే అక్కడి ఉచిత వంటశాలలో, భోజనం, ఎవరివని అడగరు.

బోధన్ అవతల మంజీర దాటినప్పటి నుంచి తుమ్మ ముళ్లు మొదలు. సైకిల్ ఎప్పుడూ రోడ్డు దింపి చెట్టు కింద ఆపకు. ఉద్గీర్, లాతూర్ మీద నీడ తక్కువ, నీళ్లు మూడు లీటర్లు పెట్టుకో. ఓఆర్‌ఎస్ పొట్లాలు అయిపోతే లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు కలుపుకో. పుణె దాటాక ఎక్స్‌ప్రెస్‌వే మీదికి సైకిల్ రానివ్వరు. పాత హైవే మీద లోనావళా, ఖండాలా దిగి ఖోపోలీ నుంచి పేణ్ మీదుగా అలీబాగ్ పో.

తిరిగి వెళ్లేటప్పుడు కోణార్క్ ఎక్స్‌ప్రెస్ చూసుకో, ముంబై నుంచి పుణె మీదుగా మీ విజయనగరం వైపే వెళ్తుంది. సైకిల్‌ని లగేజీ కింద బుక్ చెయ్యాలి. పెడళ్లు విప్పేసి, హ్యాండిల్ అడ్డంగా తిప్పి గోనె చుట్టించి, పేరు, ఫోన్ నంబరు, దిగే స్టేషను గుడ్డ మీద రాసి కుట్టించు. కాగితం అంటిస్తే ఊడిపోతుంది. రైలు టైముకి మూడు గంటల ముందే పార్సిల్ ఆఫీసుకి చేరుకో.