ఝరియా బొగ్గు మంటల ప్రాంతం చూడటానికి వెళ్తున్నాం: అనుమతి, దారి, జాగ్రత్తలు?

రాళ్ళూరప్పలూ అడిగారు:

నమస్తే అండీ. వైజాగ్‌లో జియాలజీ పీజీ చదువుతున్నాం, మొత్తం నలుగురం. డిసెంబరులో జార్ఖండ్‌లోని ధన్‌బాద్ వెళ్ళి ఝరియాలో భూగర్భ మంటల వల్ల నేల ఎలా కుంగుతోందో, పగుళ్ళు ఎటు సాగుతున్నాయో చూడాలనుకుంటున్నాం. ప్రాజెక్టు రిపోర్టుకు ఫొటోలు కావాలి. అనుమతి ఎవరిని అడగాలి? అనుమతి లేకుండా ఎంతవరకు వెళ్ళొచ్చు? గ్యాస్‌కు ఎన్95 మాస్కు సరిపోతుందా? రాత్రిపూట ఎర్రగా మండుతూ కనిపించే చోటికి దగ్గరగా పోవచ్చా? ఇక్కడి నుంచి నేరుగా రైలు ఉందా?

బాయి_ఓవర్‌మన్ జవాబు:

తమ్ముడూ, నువ్వు మంట గురించి అడిగినవు గానీ, ఝరియాలో ముందుగాల భయపడాల్సింది నేలకు. ఎర్రగా కనిపించేది క్వారీ తవ్వినప్పుడు బయటపడ్డ బొగ్గు పొర. దాని వేడి దూరం నుంచే తగులుతది, మనిషి తనంతట తనే ఆగుతడు. ఏమీ కనిపించని చోటనే ప్రాణం పోతది.

కారణం పాత బాయిలు, అంటే భూగర్భ గనులు. ఉక్కు తయారీకి వాడే కోకింగ్ బొగ్గు గనులు 1972లో జాతీయమయ్యేదాకా ఎవరి గని వాళ్ళు తవ్వుకున్నరు. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో గ్యాలరీలు (సొరంగం దారులు) కొట్టి, పైకప్పు ఆనడానికి బొగ్గు పిల్లర్లు వదిలి, ఖాళీలను ఇసుకతో నింపకుండనే (దాన్నే స్టోయింగ్ అంటరు) చాలాచోట్ల వెళ్ళిపోయిన్రు. పై పొరలు లోతు తక్కువ. కాలం గడిచేకొద్దీ పిల్లర్లు నలిగి పొడి రాలుతది, పైనుంచి పగుళ్ళలో గాలి దిగుతది. బొగ్గు ఆక్సిజన్‌ను పీల్చుకుంటే వేడి పుడుతది. ఆ వేడిని తీసుకుపోయేంత గాలి ఆడదు, మండటం ఆగిపోయేంత మూత ఉండదు. ఈ నడిమి స్థితిలనే నిప్పు అంటుకుంటది. భౌరా గనిలో తొలి మంట నమోదైంది 1916లో.

మంట పిల్లర్‌ను తినేస్తే మిగిలేది బూడిద. పైనున్న షేల్ (పొరల మట్టిరాయి), మట్టి కాలి ఇటుక లెక్క గట్టిపడతయి. మీద నడిస్తే రాతినేల అనిపిస్తది, కింద బోలు. 2017 మేలో ఝరియా ఇందిరా చౌక్ దగ్గర ఒక తండ్రీకొడుకులు కుంగిన నేలల పడి చనిపోయిన్రు. అది క్వారీ అంచు కాదు, జనం రోజూ తిరిగే రోడ్డు పక్క.

చూడాల్సిన గుర్తులు: చుట్టూ గడ్డి పచ్చగ ఉండి ఒక్క చోట ఎండిపోవడం. పొద్దుగాల మంచు అంతటా తడిగ ఉండి ఒక పట్టీ మాత్రం పొడిగ ఉండటం. పగులు అంచున పసుపు పచ్చ గంధకం, తెల్లటి ఉప్పు పెచ్చులు. ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగ సాగే పగుళ్ళు. చివరిది కనిపిస్తే ఆ నేల ఇప్పటికే ఒక దిక్కుకు జారుతున్నట్టే, పగుళ్ళ మధ్య పట్టీ మీద కాలు పెట్టొద్దు. గోడలు బీటలు వారిన ఇల్లు ఉంటే దాని క్వారీ వైపు పోవద్దు. కొత్తగ పోసిన ఓబీ మట్టి (బొగ్గు మీద నుంచి తవ్వి తీసిన మట్టి) కింద ఏముందో పైనుంచి తెలవదు, దాని మీద అసలే నడవొద్దు.

డిసెంబరు మంచి ఎంపిక. వానాకాలం పోకండ్రి. నీళ్ళు పగుళ్ళలో మట్టిని లోపలికి ఈడ్చుకుపోతయి, కాలిన పైపెచ్చు బరువెక్కి విరుగుతది. పైగా ఎర్రగ కాలిన బొగ్గు మీద నీళ్ళు పడితే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ పుడతయి. నీళ్ళు పోసి ఆర్పరాదా అని చాలామంది అడుగుతరు, అందుకే అది అంత తేలిక కాదు. గట్టిగ పనికొచ్చిన మార్గం మండే బొగ్గును తవ్వి తీసెయ్యడమే. అక్కడ కూడా డ్రిల్లు చేసిన రంధ్రం 80 డిగ్రీలు దాటితే అందులో పేలుడు పదార్థం నింపకూడదు.

కోయలానగర్_తెలుగు జవాబు:

రైలు ఉందండీ. అలప్పుళ–ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్ రోజూ విజయవాడ, రాజమండ్రి, వైజాగ్ ప్రాంతం, విజయనగరం, రాయగడ మీదుగా ధన్‌బాద్ వస్తుంది; వైజాగ్‌లో ఏ స్టేషన్‌లో ఆగుతుందో టికెట్ తీసే ముందు చూసుకోండి. రాంచీ దాకా విమానంలో వస్తే అక్కడి నుంచి రోడ్డు మీద నూట యాభై కిలోమీటర్ల పైచిలుకు. బస ధన్‌బాద్‌లో బ్యాంక్ మోడ్ చుట్టుపక్కల చూసుకోండి. ఝరియా అక్కడికి దగ్గరే, ఆటోలు దొరుకుతాయి.

గనుల్లో ఎక్కువ భాగం కోల్ ఇండియా కింద ఉన్న భారత్ కోకింగ్ కోల్ లిమిటెడ్‌వి. ప్రధాన కార్యాలయం ధన్‌బాద్ కోయలా నగర్‌లోని కోయలా భవన్. అనుమతి అడగాల్సింది మాత్రం ఏరియా జనరల్ మేనేజర్ ఆఫీసులో. కుసుండా, లోద్నా, బస్తాకోలా, కత్రాస్, ఇలా ఒక్కో ఏరియాకు ఒక్కో ఆఫీసు. ఏ ఏరియా చూడాలో ముందే తేల్చుకుని మీ విభాగాధిపతి సంతకంతో లెటర్‌హెడ్ మీద ఉత్తరం పంపండి. అందులో పేర్లు, గుర్తింపు కార్డుల నకళ్ళు, తేదీలు, ఉద్దేశం, వెంట తెచ్చే కెమెరాలు, పరికరాలు, అన్నీ ఉండాలి. కనీసం నెల ముందు పంపాలి. "ఫైర్ ఏరియా చూడాలి" అని ఊరికే రాస్తే కాగితం బల్ల మీదే ఉండిపోతుంది. "ఫలానా ప్రాజెక్టులో కుంగుబాటు పగుళ్ళ మ్యాపింగ్, గని సిబ్బంది వెంట ఉండగా" అని రాస్తే కదులుతుంది. జామాడోబా వైపు గనులు టాటా స్టీల్‌వి, వాళ్ళను వేరేగా అడగాలి.

అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు వరకే. గని హద్దులోకి వెళ్తే గనుల భద్రతా చట్టం వర్తిస్తుంది. ఎర్ర జెండా పట్టుకున్న మనిషి ఆపితే వాదన పెట్టుకోకండి. బ్లాస్టింగ్ చేసే చోటు చుట్టూ 500 మీటర్లు ప్రమాద పరిధి, సైరన్ మోగాక ఎటు కదలాలో అక్కడివాళ్ళు చెప్పినట్టే కదలాలి. రాత్రిపూట దగ్గరికి వెళ్ళే ఆలోచన మానుకోండి. టార్చి వెలుగులో పగులు కనపడదు, నీడే కనపడుతుంది. ఎర్రటి కాంతి కావాలంటే చీకటి పడుతుండగా రోడ్డు మీద ట్రైపాడ్ పెట్టుకుని, దూరం లెన్సుతో తీసుకోండి.

బయల్దేరే ముందు ఒక పని చేయండి. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఈ మంటల మీద సర్వేలు చేసింది. పైకి గుర్తించిన మంటల విస్తీర్ణం 8.9 చదరపు కిలోమీటర్ల నుంచి 2021 నాటికి 1.8కి తగ్గిందని, మంటలున్న చోట్లు 77 నుంచి 27కి వచ్చాయని లెక్క. అంటే పాత వ్యాసాల్లోని మ్యాపు పట్టుకుని వెళ్తే మంట అక్కడ ఉండకపోవచ్చు, మ్యాపులో లేనిచోట ఉండొచ్చు. ల్యాండ్‌శాట్ 8 ఉపగ్రహం తీసే ఉష్ణ చిత్రం (థర్మల్ బ్యాండ్ 10) ఉచితంగా దొరుకుతుంది. అసలు రిజల్యూషన్ 100 మీటర్లే (చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద అంత వెడల్పు) కాబట్టి చిన్న మంటలు అందులో కరిగిపోతాయి. చలికాలపు రాత్రి చిత్రం దొరికితే అదే వాడండి. పగటి చిత్రంలో ఎండకు కాగిన నల్లటి బొగ్గు కుప్ప కూడా మంటలాగే కనిపిస్తుంది.

రాళ్ళూరప్పలూ:

చాలా థాంక్స్ అండీ. ఏరియా తేల్చుకుని ఉత్తరం రాస్తాం. ల్యాబ్‌లో నాలుగు గ్యాసుల డిటెక్టర్ ఒకటి ఉంది, వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు కూడా ఉంది. ఈ రెండూ చాలా?

గ్యాస్‌మీటర్ జవాబు:

డిటెక్టర్ చాలు, కాని సరిగ్గా వాడితేనే. ఆక్సీమీటరును నమ్మొద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను మామూలు ఆక్సీమీటరు ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కేస్తుంది. మనిషి కూలబడుతున్నా అది 98 చూపించగలదు. తలనొప్పి, వికారం, కాళ్ళలో సత్తువ లేకపోవడం, వీటిలో ఏది ఒక్కరికి మొదలైనా నలుగురూ గాలికి ఎదురుగా బయటికి నడవాలి. తగ్గకపోతే నేరుగా ధన్‌బాద్ ఆసుపత్రికి వెళ్ళి "బొగ్గు గ్యాస్ పీల్చాం" అని ముందే చెప్పండి, ఆక్సిజన్ వెంటనే పెడతారు.

ఎన్95 ధూళికే. ఏ గ్యాసునూ ఆపదు. ధూళి కూడా బాగా ఉంటుంది కాబట్టి పెట్టుకోండి, కాని పెట్టుకున్నామనే ధైర్యంతో పొగలోకి వెళ్ళకండి.

డిటెక్టర్‌ను ధన్‌బాద్‌లో శుభ్రమైన గాలిలో జీరో (సున్నాకు సరి) చేయండి, పొగ దగ్గరికి వచ్చాక చేస్తే అది అబద్ధం చెబుతుంది. క్యాలిబ్రేషన్ తేదీ దాటిందేమో చూసి, వైజాగ్‌లోనే టెస్ట్ గ్యాస్ పట్టించి సెన్సార్లు పలుకుతున్నాయో లేదో తేల్చుకోండి. జేబులో కాదు, ఛాతీ మీద తగిలించండి. మన గని నిబంధనల్లో కార్బన్ మోనాక్సైడ్ హద్దు 50 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 50), ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు. మీకు శిక్షణ లేదు కాబట్టి 35 దగ్గర మోగే మొదటి అలారానికే వెనక్కి తిరగండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలా కార్బన్ మోనాక్సైడ్ సెన్సార్లు హైడ్రోజన్‌కూ స్పందిస్తాయి, మంటల దగ్గర అంకె అసలుకంటే ఎక్కువ రావచ్చు. రిపోర్టులో ఆ మాట రాయండి, అక్కడ నిలబడి మాత్రం దాన్ని సాకుగా తీసుకోకండి.

గాలి ఆడని తెల్లవారుజామున పొగ నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, పల్లంలో కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది. వాతావరణ పీడనం పడిపోతున్నప్పుడు పగుళ్ళు లోపలి గ్యాసును బయటికి వదులుతాయి. నిన్న బాగున్న చోటు ఇవాళ బాగుండాలని లేదు. ఎండ పడి గాలి మొదలయ్యాకే పని పెట్టుకోండి.

బెల్గడియా_బాట జవాబు:

ఫొటోల గురించి ఒక్క మాట. బొగ్గు ఏరుకునేవాళ్ళు, సైకిళ్ళ మీద బస్తాలు తోసుకెళ్ళేవాళ్ళు కనిపిస్తారు. చట్టం దృష్టిలో చాలాచోట్ల అది దొంగతనం. ముఖం, చోటు తెలిసేలా పెట్టిన ఫొటో వాళ్ళ పొట్ట కొడుతుంది. మీకు కావాల్సింది పగుళ్ళు. స్కేలు పక్కన పెట్టి, దిక్కు రాసుకుని వాటినే తీయండి.

మంటల మీది బస్తీల నుంచి జనాన్ని తరలించడానికి 2009లో 7,112 కోట్ల మాస్టర్ ప్లాన్ వచ్చింది, బెల్గడియాలో కాలనీ కట్టారు. అయినా చాలామంది కదల్లేదు, ఎందుకంటే కూలి దొరికేది బొగ్గు ఉన్నచోటే. 2025లో ఆమోదించిన 5,940 కోట్ల సవరించిన ప్లాన్‌లో ఉపాధికి విడిగా సాయం పెట్టారు. ఎవరి ఇంటి గోడ బీట చూడాలన్నా ముందు అడగండి. హిందీ వస్తే చాలు. "ఎందుకు వెళ్ళిపోవట్లేదు" అని మాత్రం అడగకండి, వాళ్ళు చిన్నప్పటి నుంచి విసిగిపోయిన ప్రశ్న అది.

బాయి_ఓవర్‌మన్:

బూట్ల సంగతి మర్చిపోయిన. స్పోర్ట్స్ షూ అడుగు నురుగు రబ్బరు, వేడికి మెత్తబడి అంటుకుంటది. తోలు బూటు, నైట్రైల్ రబ్బరు అడుగు, "హెచ్‌ఆర్‌ఓ" (వేడికి తట్టుకునే అడుగు) పరీక్ష గుర్తు ఉన్నది కొనుండ్రి. ఆ పరీక్షల అడుగు 300 డిగ్రీల వేడిని ఒక నిమిషం ఆపుతది, నిలబడి ఫొటో తీసుకునేందుకు కాదు, తప్పించుకునేందుకు. బట్టలు నూలువే. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తీసుకుపోతే ఆవిరిలోంచి కొలవొద్దు, ఆవిరి వేడే చూపిస్తది. నలుగురూ ఒక్క చోట గుమికూడొద్దు, గని మనిషి వెనక ఎడం ఎడంగ, ఆయన అడుగు పెట్టిన చోటనే పెట్టుండ్రి. ఎవరి కాలన్నా దిగబడితే మిగిలినోళ్ళు అంచుకు ఉరకొద్దు. తాడు విసరాలె, గని మనిషి చెప్పినట్టు వెనక్కి రావాలె. ధన్‌సార్‌ల మైన్స్ రెస్క్యూ స్టేషన్ ఉంది, ఆ ఫోన్ నంబరు ఏరియా ఆఫీసుల అడిగి నలుగురి ఫోన్లల్ల ముందే ఎక్కించుకోండ్రి.