డౌన్‌హిల్ సైకిల్: పాత కార్బన్ ఫ్రేమా, కొత్త అల్యూమినియం ఫ్రేమా?

ప్రశ్న (ఆత్మకూరు, నెల్లూరు జిల్లా):
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మామూలు హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని) సైకిల్‌తో ఉదయగిరి వైపు గుట్టలు దిగుతున్నాను. ఇప్పుడు ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఉన్న అసలైన డౌన్‌హిల్ సైకిల్ కొనాలని డబ్బు కూడబెట్టాను. ఇంచుమించు ఒకే ధరకి రెండు దొరుకుతున్నాయి. ఒకటి బెంగళూరులో ఒకాయన రేసుల్లో వాడి అమ్ముతున్న కార్బన్ ఫ్రేమ్ సైకిల్. రెండోది కొత్తది, అల్యూమినియం ఫ్రేమ్, దానికంటే దాదాపు కిలో బరువెక్కువ. కార్బన్ రాయి తగిలితే పగిలిపోతుందని కొందరు, అల్యూమినియం కొన్నేళ్లకే విరుగుతుందని కొందరు చెప్పి టెన్షన్ పెడుతున్నారు. నా బరువు 78 కిలోలు. ఏది తీసుకోమంటారు?

జవాబు (ఒంగోలు):
కార్బనే తీసుకో తమ్ముడూ. 2021లో ఇటలీలోని వాల్ ది సోలేలో డౌన్‌హిల్ రేసర్ గ్రెగ్ మినార్ ప్రపంచ ఛాంపియన్ అయింది కార్బన్ ఫ్రేమ్ ఉన్న శాంటా క్రూజ్ వీ10 మీదే. బలం లేనిదైతే ఆ రాళ్ల మీద నిలిచేది కాదు. పైగా మన దగ్గర పైకి తీసుకెళ్లే లిఫ్టులు లేవు, తోసుకుంటూ ఎక్కాల్సిందే. ఎండలో ఆ కిలో తేడా బాగా తెలుస్తుంది.

జవాబు (నెల్లూరు):
కార్బన్ బలహీనం కాదన్నది నిజమే అన్నా. అయితే అల్యూమినియం కూడా అదే స్థాయిలో గెలిచింది. అమోరీ పియెరాన్ అనే రేసర్ 2018లోనూ 2022లోనూ డౌన్‌హిల్ వరల్డ్ కప్ సీజన్ టైటిల్ కొట్టింది కమెన్సాల్ కంపెనీ అల్యూమినియం ఫ్రేమ్ మీద. స్పెషలైజ్డ్ కంపెనీ డెమో అనే తన డౌన్‌హిల్ సైకిల్‌ను ముందు కార్బన్‌లో కూడా చేసేది, 2019లో వచ్చిన కొత్త తరాన్ని అల్యూమినియంలోనే తెచ్చింది. కాబట్టి బలం గురించి బెంగ వద్దు. తమ్ముడు చూసుకోవాల్సింది దెబ్బ తగిలాక ఏమవుతుందన్నది.

అల్యూమినియం సిల్వర్ గిన్నెలాగా సొట్ట పడుతుంది, ఎక్కడ తగిలిందో చూడగానే తెలుస్తుంది. కార్బన్‌లో పొరలు పొరలుగా నారను జిగురుతో అతికిస్తారు. పదునైన రాయి ఎగిరి డౌన్ ట్యూబ్‌కి (ఫ్రేమ్ కింది గొట్టానికి) తగిలితే పైన చిన్న గీతే ఉండొచ్చు, లోపల మాత్రం పొరలు విడిపోయి ఉంటాయి. తర్వాత ఎప్పుడో పెద్ద జంప్‌లో అక్కడే తెగుతుంది. ఉదయగిరి గుట్టల్లో ఉన్నవన్నీ పలుగు రాళ్లే కదా. రేసుల్లో నలిగిన కార్బన్ ఫ్రేమ్‌ని ఫోటోలు చూసి కొనడం నాకైతే భయమే. నాణెంతో తట్టి చూస్తారు, గట్టిగా మోగాల్సిన చోట మొద్దు శబ్దం వస్తే అనుమానించాలి. కానీ శబ్దం బాగున్నంత మాత్రాన లోపల బాగున్నట్టు కాదు, తేల్చి చెప్పాలంటే అల్ట్రాసౌండ్ కావాలి. ఇంకో సంగతి, ఫ్రేమ్ వారంటీ చాలా కంపెనీల్లో మొదట కొన్నవాళ్లకే. పాతది కొంటే నీకు అది రాకపోవచ్చు.

అలాగని అల్యూమినియం చిరంజీవి కాదు. ఉక్కుకి ఒక హద్దు ఉంది, ఒత్తిడి ఆ హద్దు దాటనంతవరకు ఎన్నిసార్లు ఊగినా అలిసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న దెబ్బలు కూడా లెక్కలోకి వస్తాయి. అందుకే డౌన్‌హిల్ ఫ్రేముల్లో ట్యూబులు లావుగా, అతుకుల దగ్గర మందంగా పెడతారు. పగులు చాలావరకు వెల్డింగ్ పక్కనే మొదలై నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి, రైడ్ అయ్యాక కడిగి చూసే అలవాటున్నవాడికి ముందే దొరుకుతుంది.

పగిలితే మన ఊళ్లో ఆర్గాన్ వెల్డింగ్ చేయించి వాడదామనుకోవద్దు. 6061 రకం అల్యూమినియం వెల్డింగ్ వేడికి మెత్తబడుతుంది. ఫ్యాక్టరీలో ఆ తర్వాత ఫ్రేమ్‌ని దాదాపు 530 డిగ్రీల్లో కాచి, చల్లార్చి, మళ్లీ 175 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి బలం తెప్పిస్తారు. వెల్డింగ్ షాపులో ఆ సదుపాయం ఉండదు. నిజానికి కార్బన్‌నే చేయి తిరిగినవాళ్లు పొరలు వేసి బాగా రిపేర్ చేయగలరు.

నా మాట కొత్త అల్యూమినియం. ఆ కిలో బరువు దిగేటప్పుడు పెద్దగా తెలియదు. కుదుపు తగ్గించేది సస్పెన్షన్, టైరూ. డౌన్‌హిల్ కేసింగ్ (మందమైన గోడలు) ఉన్న టైర్లు, నాలుగు పిస్టన్ల బ్రేకులు, ఫుల్ ఫేస్ హెల్మెట్, వీటి మీద మాత్రం వెనకాడకు.

జవాబు (చీమకుర్తి):
నేను గ్రానైట్ క్వారీ మిషన్ల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను. వెల్డింగ్ దగ్గర గీత కనిపించి అది పెయింటుదో లోహానిదో తేలకపోతే, అక్కడ పెయింటు తీసేసి డై పెనిట్రెంట్ కొట్టి చూడు. ఎర్ర రంగు పూసి, కాసేపు ఆగి తుడిచేసి, తెల్ల డెవలపర్ స్ప్రే చేస్తే పగులున్న చోట ఎర్ర గీత తేలుతుంది. మేము తవ్వే మిషన్ల బకెట్ల వెల్డింగులకి చేసేది ఇదే. కార్బన్ లోపల విడిన పొరల్ని మాత్రం ఇది పట్టలేదు.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
చాలా థ్యాంక్స్ అన్నా. అల్యూమినియం వైపే మొగ్గుతున్నాను. ఒక్క సందేహం. ఇక్కడి మే నెల ఎండకి కార్బన్ జిగురు మెత్తబడుతుందా? అలాగే అప్పుడప్పుడు మైపాడు బీచ్‌కి కూడా తీసుకెళ్తాను, ఉప్పుగాలికి ఏమన్నా అవుతుందా?

జవాబు (నెల్లూరు):
ఎండకి ఏమీ కాదు తమ్ముడూ. ఆ జిగురు మెత్తబడాలంటే మామూలుగా వంద డిగ్రీలు దాటాలి. ఉప్పు గురించి జాగ్రత్త పడాల్సిందే. కార్బన్‌కి అల్యూమినియం తగిలే చోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తినేస్తుంది. నీ ఫ్రేమ్ అల్యూమినియమే అయినా కార్బన్ హ్యాండిల్‌బార్ పెడితే అదే సమస్య. బీచ్ నుంచి రాగానే మంచినీళ్లతో కడుగు, ప్రెషర్ గన్ బేరింగుల మీదకి కొట్టొద్దు.

సైకిల్ చేతికొచ్చిన రోజే హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ తిరిగే ముందు గొట్టం) కింద, పెడల్ ఇరుసు చుట్టూ, షాక్ బిగించే చోట ఫోటోలు తీసి పెట్టుకో. తర్వాత ఏదైనా గీత కనిపిస్తే కొత్తదో పాతదో తేలిపోతుంది. వెనక సస్పెన్షన్ లింక్ బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో చూపే పానాతో) కంపెనీ చెప్పినంతే బిగించు. పెంచలకోన వైపు వెళ్తే మాత్రం పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి దిగొద్దు.