ఊరికే కూర్చున్నప్పుడు మెదడు పగ్గాలు ఎవరి చేతిలో?

నీలిచుక్క: పనేమీ లేకుండా కళ్లు మూసుకున్నా మెదడులో డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అనే భాగాల జట్టు నడుస్తూనే ఉంటుంది. 'డిఫాల్ట్ మోడ్' అన్నది 2001లో మెదడు శాస్త్రవేత్త మార్కస్ రైకిల్ బృందం పెట్టిన పేరు. నా వాదన ఒక్కటే: దాని పగ్గాలు కింద మెదడు కాండంలో ఉన్నాయి. మెదడు పనితీరును మార్చే రసాయనాల్లో నోరడ్రెనలిన్ ముఖ్యంగా తయారయ్యేది అక్కడి లోకస్ సెరూలియస్ అనే చిన్న కణాల గుంపులో, సెరటోనిన్ తయారయ్యేది రాఫే కేంద్రకాలనే గుంపుల్లో. చిట్టెలుకల్లో లోకస్ సెరూలియస్‌ను ప్రేరేపిస్తే మెదడంతటా నెట్‌వర్క్‌ల అనుసంధానం పెరిగింది. నోరడ్రెనలిన్‌ను అందుకునే రిసెప్టర్లు ఎక్కువున్న చోట ఇంకా ఎక్కువ పెరిగింది. ఇంకేం రుజువు కావాలి?

వెనకబెంచీ: నుదుటి వెనక ఉండి ఆలోచన, నిర్ణయాలు చూసుకునే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ నుంచి ఆ కేంద్రాలకు నరాల దారులున్నాయి కదండీ. తాడు రెండువైపులా ఉంటే పగ్గం ఒకవైపే అంటారేం?

నీలిచుక్క: దారి ఉంటే పెత్తనం ఉన్నట్టా?

పాతస్కానర్: అసలు మనుషుల్లో ఎలా కొలిచారు? మెదడు పనిని చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్‌కి సెరటోనిన్ కనపడదు, రక్తంలో ఆక్సిజన్ మార్పే కనపడుతుంది. లోకస్ సెరూలియస్ వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్లు. స్కాన్ బొమ్మలో ఒక్కో గడీ మామూలుగా 2, 3 మిల్లీమీటర్లు. పైగా గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ చోటు కదులుతుంది.

నీలిచుక్క: ఇంకా సన్నగా చూపే, బలమైన అయస్కాంతమున్న 7 టెస్లా స్కానర్లున్నాయి సార్.

పాతస్కానర్: ఉంటే? గుండె ఆగుతుందా?

బాటసారి: 😂

నీలిచుక్క: నేను ఎలుకల గురించి చెప్తుంటే మీరు గడుల దగ్గరే ఆగిపోయారు.

వెనకబెంచీ: ఎలుకలో మీట మీరు నొక్కారు. ఊరికే కూర్చున్న మనిషిలో ఎవరు నొక్కుతున్నారు? నాకో డాక్టర్ ఒక్క పరీక్షా చేయకుండా "మీకు సెరటోనిన్ తక్కువ" అన్నారు. రెండేళ్లు నన్ను నేను చెడిపోయిన మిషన్‌లా చూసుకున్నాను. మీ పగ్గాల మాట వింటే అదే గుర్తొస్తోంది.

నీలిచుక్క: నాకు దానికి తలకిందులుగా జరిగింది. రాత్రి మూడింటికి పడుకుని ఎప్పుడో అన్న మాటలే మళ్లీ మళ్లీ నెమరేసుకునేవాణ్ని. ఇంట్లో అందరూ "ఆలోచించడం మానెయ్, అంతా నీ చేతుల్లోనే ఉంది" అనేవాళ్లు. నా చేతుల్లో లేదు! అది రసాయనాల పని అని చదివిన రోజే మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాను.

వెనకబెంచీ: అంటే మీకు ఊరటనిచ్చిన మాటే నన్ను కుంగదీసింది. మనం ఎలుకల గురించి కొట్టుకోవట్లేదన్నమాట.

నీలిచుక్క: ఎలుకల ఫలితం మాత్రం నిజమే.

వెనకబెంచీ: కాదని ఎవరన్నారు? దాని మీదుగా నా రాత్రుల్లోకి దూకొద్దంటున్నా, అంతే.

పాతస్కానర్: 7 టెస్లా గురించి ఇంకా జవాబు రాలేదు.