బూజు విషం ఒంట్లో ఎంత చేరిందో రక్త పరీక్ష చెబుతుందా?

పోషణ విద్యార్థిని:
వేరుశనగ, మొక్కజొన్నలకు బూజు పట్టినప్పుడు పుట్టే అఫ్లాటాక్సిన్ గురించి చదువుతున్నాను. గింజలను పరీక్షిస్తే విషం ఎంతుందో తెలుస్తుంది కదా, మరి పరిశోధకులు మనుషుల రక్తం ఎందుకు తీసుకుంటున్నారు? మా ఇంట్లో పల్లీల పచ్చడి లేని రోజు ఉండదు. మేమూ ఈ పరీక్ష చేయించుకోవచ్చా?

ల్యాబ్ మిత్రుడు:
గింజల పరీక్షలో చిక్కు నమూనా దగ్గరే మొదలవుతుందండి. విషం బస్తా అంతటా సమానంగా ఉండదు. ముడుచుకుపోయి రంగు మారిన కొద్దిపాటి గింజల్లోనే చాలావరకు పోగుపడి ఉంటుంది. అవి నమూనాలో పడితే ఒక ఫలితం, పడకపోతే మరో ఫలితం వస్తుంది. పైగా ఆ ఇంట్లో ఎవరెంత తిన్నారో గింజ చెప్పదు.

కాలేయంలోని ఎంజైములు అఫ్లాటాక్సిన్ బి1ను (ఈ విషంలో ఒక రకం) ఎపాక్సైడ్ అనే చురుకైన పదార్థంగా మారుస్తాయి. దాని నుంచి ఏర్పడే పదార్థం రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌లో ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆల్బుమిన్ అర్ధాయువు (ఉన్నదాంట్లో సగం తరిగిపోవడానికి పట్టే కాలం) సుమారు 20 రోజులు కాబట్టి, ఈ బంధాన్ని కొలిస్తే గత రెండు మూడు నెలల్లో తిన్న విషం జాడ దొరుకుతుంది. బి1ను శరీరం మార్చగా మూత్రంలో కనిపించే అఫ్లాటాక్సిన్ ఎం1 అయితే ఒకటి రెండు రోజుల సంగతే చెబుతుంది. సీరంలోని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలోని) ఆల్బుమిన్‌ను ఎంజైముతో ముక్కలు చేసి, విషం అంటుకున్న లైసిన్‌ను, అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో లెక్కిస్తారు. ఫలితాన్ని మిల్లీగ్రాము ఆల్బుమిన్‌కు ఇన్ని పికోగ్రాములని (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు) రాస్తారు.

ప్రజారోగ్య కార్యకర్త:
1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది చనిపోయినప్పుడు, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు విచారణ జరిపారు. ఆనాటికి ఈ రక్త పరీక్ష ఇంకా రాలేదు. 2004లో కెన్యాలో మొక్కజొన్న వల్లే 317 మంది జబ్బుపడి 125 మంది మరణించినప్పుడు మాత్రం, జబ్బుపడనివారి కంటే జబ్బుపడినవారి సీరంలో ఈ బంధం ఎక్కువగా ఉన్నట్టు తేలింది.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది గినీ దేశంలోని ప్రయోగం. వేరుశనగను చేత్తో ఏరి, చాపల మీద బాగా ఎండబెట్టి, గోనెసంచుల్లో నేలకు తగలకుండా నిల్వచేసిన ఊళ్లలో, అయిదు నెలల తర్వాత ప్రజల రక్తంలో ఈ సూచిక సగటు, మిగతా ఊళ్లతో పోలిస్తే సగం కూడా లేదు.

పోషణ విద్యార్థిని:
ధన్యవాదాలండి. అయితే మా ఇంటి సంగతి?

ల్యాబ్ మిత్రుడు:
ఇది ఊళ్లను, జనసమూహాలను పోల్చడానికి పనికొచ్చే కొలత. ఒక మనిషికి ఇంత దాటితే జబ్బు అని చెప్పే హద్దు లేదు, విరుగుడు మందూ లేదు, కాబట్టి దీనికోసం డబ్బు పెట్టమని నేను చెప్పను. వేయిస్తే ఈ విషం పూర్తిగా పోదు. ముడతపడిన, బూజు వాసన వచ్చే పల్లీలను ఏరి పారేయండి. హెపటైటిస్ బి ఉన్నవారికి అఫ్లాటాక్సిన్ వల్ల కాలేయ క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది గనుక, ఇంట్లో ఎవరైనా ఆ టీకా వేయించుకోకపోతే ముందు అది వేయించండి.